చవుక గిటారునకు క్రొత్త బిరడలు

మా యింటి బీరువాపైన నాలుగు నెలలపాటు ఒక నల్లని సంచి పడియుండెను. అందులోనిది మా అమ్మాయి గిటారు. బూజు దులుపుటకు స్టూలు వేసికొని ఎక్కినప్పుడెల్ల నేను దానిని ప్రక్కకు జరిపి, తుడిచి, మఱల యథాస్థానమున నుంచుచుంటిని. ఎందులకు వాయించుటలేదని నేనడుగలేదు. అడిగినచో పిల్ల కన్నీరు పెట్టుకొనునని తెలియును.

పదవ తరగతి పరీక్షలో నెగ్గినప్పుడు వాళ్ల బామ్మ 5,000 రూపాయలు చేతిలో పెట్టి, నీకిష్టమైనది కొనుక్కోవే యని యనెను. పిల్ల కరెంటు గిటారు కావలెననెను. మావారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. నెలాఖరున చేతిలో మిగులునది మీకు నేను చెప్పనక్కఱలేదు. వారు 2,500 కలిపిరి. 7,500కు ఎఱ్ఱని గిటారొకటి వచ్చెను. వారమునకు రెండు పాఠముల చొప్పున చెప్పువా రొకరు దొరికిరి. ఆఱు నెలలు గడచునప్పటికి ఆ గురువుగారు, “ఈ అమ్మాయికి శ్రుతిజ్ఞానము తక్కువ. గిటారు తనకు పట్టుబడదు. కీబోర్డు నేర్పించండి, దానికి శ్రుతి చేసికొను పని లేదు” అని సెలవిచ్చిరి. పిల్ల ఆ మాటను వాదింపక నమ్మెను. ఆ రాత్రియే సంచి బీరువాపైకి చేరెను.

సంగీతమున నేను విదుషిని కాను. పుట్టినింట మా నాయనగారు అమరము, రఘువంశము చెప్పిరి. మా అమ్మగారు వీణ చెప్పిరి. వర్ణములవఱకు వచ్చి పెండ్లితో ఆగిపోయితిని. అయినను చెవికి అలవాటైన శ్రుతి చేతి పని మానినంత మాత్రమున పోదు. ఒకనాటి సాయంకాలము కరెంటు పోయెను. పిల్ల చీకటిలో బట్టలు మడతపెట్టుచు ఏదియో కూనిరాగము తీయుచుండెను. నేను ఉండబట్టలేక షడ్జము పట్టితిని. అది అడుగకయే పంచమమునకు పోయి నిలిచెను. నేను కావలెననియే పంచమమును వెండ్రుకవాసి దించి పాడితిని. “అదేంటమ్మా, అలా జారిపోతున్నావ్?” అని ముఖము చిట్లించెను.

చెవి లేని పిల్ల యట!

వెంటనే స్టూలు వేసి సంచి దింపించితిని. కరెంటు లేకపోయినను కరెంటు గిటారు మెల్లగానైనను పలుకును. నిశ్శబ్దమైన ఇంటిలో ఆ మాత్రము చాలును. తంత్రులన్నియు శ్రుతి చేయుమంటిని. చేతిఫోనులోని శ్రుతియంత్రమును చూచుకొనుచు చేసెను. ఆఱు తంత్రులును సరిగానే యుండెను. ఇక వేలు పెట్టి మొదటి మెట్టున ఒక స్వరము పలికింపుమంటిని. అది శ్రుతికి మీదుగా పలికెను. పండ్రెండవ మెట్టున నొక్కగా మఱింత మీదుగా పలికెను. తంత్రిని ప్రక్కకు లాగి, వీణలో గమకము పట్టినట్లు, వదలుమంటిని. వదలగానే తంత్రి పూర్వస్థానమునకు రాక దిగువ పలికెను. మఱల బిరడ త్రిప్పగా తలవైపునుండి “టింగు” మని యొక చిన్న చప్పుడు వినబడెను. ఆ చప్పుడు నాకు చిరపరిచితము. తంత్రి జారవలసినచోట పట్టుకొని, పట్టుకొనవలసినచోట జారుచున్నదని దాని యర్థము. ఆఱు నెలలు ఈ పిల్ల వాద్యము తప్పును తన తప్పుగా మోసెను.

పాఠకసోదరీమణులలో ఈ వాద్యమును దగ్గఱగా చూడని వారుందురు. వీణ తెలిసినచో దీనిని తెలిసికొనుట కష్టము కాదు. వీణకు దండి, గిటారునకు మెడ. వీణకు 24 మెట్లు, దీనికి తఱచుగా 21 గాని 22 గాని. వీణకు నాలుగు వాయింపు తంత్రులు, మూడు తాళపు తంత్రులు. దీనికి ఆఱును వాయింపు తంత్రులే. వీణలో కుండపైన గుఱ్ఱము. గిటారులోను గుఱ్ఱమే, కాని దానిపైన ఆఱు చిన్న ఇనుప దిమ్మలుండును. వానిని ఆంగ్లేయులు జీనులనియే పిలుతురు. మనము గుఱ్ఱముతో ఆగితిమి, వారు జీను కూడ వేసిరి! మెడకును తలకును నడుమ, తంత్రులన్నియు గాట్లలోనుండి పోవు సన్నని బద్ద యుండును. దానికి నట్టు అని పేరు. బోల్టునకు బిగించు నట్టునకు దీనికి నే సంబంధమును లేదు. దుకాణములో ఈ రెంటికిని తికమక పడకుడు.

ఇక కుండ మాట. ఈ గిటారునకు కుండ లేదు, గట్టి కఱ్ఱదిమ్మ మాత్రమే. తంత్రుల క్రింద అయస్కాంతములుండి, వానిచుట్టు వెండ్రుకవంటి రాగితీగ వేలకొలది చుట్లు చుట్టబడియుండును. ఉక్కు తంత్రి అయస్కాంతమునకు ఎదుట కదలినప్పుడు ఆ రాగితీగలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే యిది. ఆ విద్యుత్తు తీగవెంట పోయి పెట్టెలో పెద్దదై ధ్వనిగా మారును. 1930ల తొలి సంవత్సరములలో అమెరికాలో రికెన్‌బ్యాకరు వారు ఇట్టి గిటారును అమ్మకమునకు తెచ్చిరి; 1954లో ఫెండరు వారి స్ట్రాటోకాస్టరు వచ్చినది. నేడు చవుక గిటారులలో ననేకములు ఈ స్ట్రాటోకాస్టరు రూపమునకు నకళ్లే, మాదియు నదియే. ఒక చిన్న సంగతి: ఈ గిటారునకు వీణయొక్క ఇత్తడి తంత్రిని కట్టితిమా, వ్రేలితో మీటినప్పుడు చెవికి వినబడును గాని పెట్టెనుండి వినబడదు. అయస్కాంతమునకు ఇత్తడి పట్టదు గదా.

ఇది పరాయివారి వాద్యమని మా అత్తగారు మొదట పెదవి విఱచిరి. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాసును గుఱించి చెప్పితిని. 1969లో పుట్టి 2014లో గతించిన ఆ మహానుభావుడు బాల్యముననే కర్ణాటక సంగీతమును కరెంటు మాండలినుపై వాయించి లోకమును మెప్పించెను. మాండలినునకు వాడుకగా నుండునవి నాలుగు జతల తంత్రులు. ఆ జతలతో మన గమకము కుదురదని, ఒంటి తంత్రులు పెట్టి, మంద్రస్థాయికై ఐదవ తంత్రిని చేర్చుకొనెను. వాద్యమును ఉన్నదున్నట్లు తీసికొనక, తనకు కావలసినట్లు మరమ్మతు చేయించుకొనెనన్నమాట. అత్తగారికి శ్రీనివాసు కచ్చేరీ రేడియోలో విన్న జ్ఞాపక మున్నది. ఆపై వారు ఆక్షేపింపలేదు.

చవుక వాద్యములో ఎక్కడ చవుక చేయుదురు? ఇది మేము విప్పి చూచిన తరువాత గాని తెలియలేదు. కఱ్ఱలో పెద్ద లోపము లేదు. మెడ తిన్నగా నున్నది. మెట్లు సమముగా నున్నవి. ఈ కాలమున అవి యంత్రములు కోయునవి గనుక చవుకదానికిని ఖరీదైనదానికిని కోతలో అంత భేదము కనబడదు. పొదుపంతయు లోహముమీద చేసిరి. బిరడలలోని పండ్లచక్రములు, గుఱ్ఱముమీది జీనులు, అన్నియు జింకు పోతపోసి పైన తళతళలాడు పూత పూసినవి. నట్టు బోలు ప్లాస్టిక్కు. కొనువాడు చూచునది రంగును మెఱపును గనుక అమ్మువాడు వానికే వెచ్చించును. పెండ్లిచూపులలో పట్టుచీర చూచి పిల్లను మెచ్చుకొనుట వంటిదే యిది, కాని ఆ కథ మఱియొక నెలకు.

మంచి కఱ్ఱ చేతిలోనున్నప్పుడు క్రొత్త గిటారు కొననక్కఱలేదు, లోహమును మార్చిన చాలును. మావారు కాగితము తీసికొని కూర్చుండి, 3,000 దాటరాదని మొదటనే గీత గీసిరి. బిరడల జత 1,100, నట్టు 250, ఉక్కు జీనులు ఆఱు 700, తీగ గ్రుచ్చు రంధ్రపు సామాను 80, తంత్రులు 450 చొప్పున రెండు జతలు, 900. మొత్తము 3,030. ఆ 30 రూపాయలు నా పోపులడబ్బావని యంటిని.

బిరడలు కొనుటలోనే మొదటి దెబ్బ తింటిమి. జగదంబ కూడలి దగ్గఱ నొక దుకాణమున, “అన్ని గిటార్లకూ ఇదే సైజండీ” అని యిచ్చిరి. ఇంటికి తెచ్చి చూడగా తలలోని రంధ్రములు పెద్దవి, బిరడ మెడలు సన్నవి. పెట్టిన వదులుగా నూగులాడెను. వెనుకవైపు మరమేకు బెజ్జము కూడ ఒకచో నుండవలసినది మఱియొకచో నున్నది. తప్పు వారిదే యనను. కొలువక పోయినది నేను. జాకెట్టు కుట్టించునప్పుడు అంగుళములో పావువంతు తేడా వచ్చినచో దర్జీతో తగవులాడు నేను, ఇనుప సామాను కొనుటకు వట్టి చేతులతో పోయితిని. వారు మార్చి యిచ్చిరి. మీరెవరైన కొనదలచినచో ముందుగా పాత బిరడనొకదానిని విప్పి చేత పట్టుకొనిపొండు. రంధ్రము అడ్డుకొలత మిల్లీమీటర్లలో వ్రాసికొనుడు. ఈ కాలపు వానికి 10 మిల్లీమీటర్లు, పాత తరహావానికి అంతకు తక్కువ. మరమేకు ఏ మూల వచ్చునో చూచుకొనుడు. గుఱ్ఱము మొత్తముగా మార్చవలెనన్నచో మఱియు జాగ్రత్త. తంత్రుల నడిమి ఎడము అన్ని నమూనాలకు నొకటి కాదు. దాని అడుగున వ్రేలాడు ఇనుపదిమ్మ లోతు కూడ చూడవలెను; చవుక గిటారుల కఱ్ఱ పలుచన గనుక ఆ దిమ్మ వీపునుండి బయటికి పొడుచుకొని వచ్చును. ఈ చిక్కులు చూచియే మేము గుఱ్ఱమును కదల్చక జీనులను మాత్రము మార్చితిమి.

విప్పుటకు ముందు తంత్రులన్నింటిని వదులు చేయవలెను. బిగువున నున్న తంత్రిని కత్తిరించిన అది కంటికి తగులును. ఈ పని పిల్లలకు వదలరాదు. పాత బిరడలు తీసి, పనికిరాని బెజ్జములలో చీపురుపుల్ల ముక్కలు ఫెవికాల్‌తో దట్టించి ఒకరాత్రి ఆఱనిచ్చితిమి. మఱునాడు క్రొత్త బిరడలు అమర్చి మరమేకులు బిగించుచుంటిని. ఐదు చక్కగా దిగినవి. ఆఱవదానికి నాకు తొందర కలిగెను. బెజ్జము ముందుగా పొడువక, గట్టి కఱ్ఱలోనికి బలవంతముగా త్రిప్పితిని. పటుక్కున తల విఱిగి నా చేతిలోనికి వచ్చెను, మేకు కఱ్ఱలో నుండిపోయెను. పిల్ల నోరెత్తలేదు. ఆ మౌనము నన్ను మఱింత బాధించెను.

మావారి పాతశిష్యుడొకడు గాజువాక ఆటోనగరులో లేతుపని చేయుచున్నాడని గిటారు నెత్తుకొని అక్కడికి పోయితిమి. లారీ ఇరుసుల నడుమ ఎఱ్ఱని గిటారును చూచి పనివాండ్రందఱు మూగిరి. అతడు సన్నని ఉక్కుగొట్టము చివర ఆకురాయితో పండ్లు కోసి, విఱిగిన మేకుచుట్టు దానిని త్రిప్పగా మేకుతోకూడ కఱ్ఱ కొద్దిగా ఊడివచ్చెను. ఆ రంధ్రమున టేకుపుల్ల చెక్కి జిగురుతో దిగగొట్టెను. పాత బిరడను చేతిలో త్రిప్పి చూచి, “ఇది ఇనుం కాదమ్మగారూ, జింకు పోత. బిగిస్తే అరుగుద్ది, గట్టిగా బిగిస్తే ఇరుగుద్ది. ఏటి, ఉక్కు ఊర్లో ఉండి ఇది కొన్నారా?” అని నవ్వెను. నిజమే. 1960లలో ఉక్కు మా హక్కని యూరూర ఘోషించి, 1992లో జాతికంకితమైన కర్మాగారమును సాధించుకొన్న చోటున నివసించుచు, తెలియక పూత చూచి మోసపోయితిమి. మేకు దిగుటకు ముందు అది పట్టునంత సన్నని బెజ్జము పొడువుమనియు, మేకుకు సబ్బు గాని కొవ్వొత్తి మైనము గాని రాయుమనియు అతడు నేర్పెను. వద్దన్నను మావారు 100 రూపాయలు అతని జేబులో పెట్టిరి. లెక్క ఆ విధముగా 3,130 అయ్యెను. మీఱినదానిలో నూఱు నా తొందరపాటు వెల.

క్రొత్త నట్టు విషయమున నొక ధర్మసందేహము వచ్చెను. మేలైనవి ఎముకతో చేయుదురట. పూజగది ప్రక్కగదిలో ఎముక యేమిటని అత్తగారు. పూర్వము వీణలకు దంతము, జింకకొమ్ము తాపడము చేయలేదా యని మావారు. వాద మెటు తేలునో యని, గ్రాఫైటు కలిపిన నల్లని గట్టి బద్దను నేనే తెప్పించితిని. అది జాఱుడు గుణము కలది గనుక మాకు కావలసినదియు నదియే.

మా పిల్ల కష్టములో సగము ఈ బద్దలో నున్నది. పాత నట్టు గాట్లు పైకుండెను. అందుచేత మొదటి మెట్లపై వ్రేలు పెట్టినప్పుడు తంత్రి ఎక్కువ దూరము దిగవలసివచ్చెను, దిగినకొలది సాగెను, సాగినకొలది స్వరము పైకి పోయెను. విడి తంత్రి సరిగానున్నను నొక్కినప్పుడు శ్రుతి తప్పుట కిదియే కారణము. క్రొత్తగా నేర్చువారు వాయించునదంతయు ఆ మొదటి మూడు మెట్లమీదనే గదా! గాటు లోతు సరిచూచుట కొక ఉపాయమున్నది. తంత్రిని రెండవ మూడవ మెట్ల నడుమ నొక్కి పట్టి, మొదటి మెట్టునకును తంత్రికిని నడుమ సందు చూడవలెను. పలుచని కాగితము దూఱునంత యుండవలెను. అంతకు హెచ్చు వలదు, తగులరాదు. గాట్లు లోతు చేయుటకు ప్రత్యేకపు ఆకురాళ్లు గిటారు వెలలో సగముండును. మేము కురుపాం మార్కెట్టులో మా గాజులు చేయు కంసాలిని అడిగి, సన్నని ఆకురాయిని, నగిషీ కోయు రంపపు తీగ ముక్కను తెచ్చుకొంటిమి. సన్నతంత్రులకు రంపపు తీగ, లావుతంత్రులకు ఆకురాయి. రెండుసార్లు రుద్దుట, తంత్రి పెట్టి చూచుట. మఱల రెండుసార్లు రుద్దుట. ఎక్కువ కోసినచో తిరిగి పెట్టుట కుదురదు. ఈ పని నేను పిల్లకే యిచ్చితిని. నా చేతిమీద నాకప్పటికి నమ్మకము పోయినది. గాట్లలో పెన్సిలు ముక్కు పొడి రాచితిమి. ఆ “టింగు” చప్పుడు మాయమయ్యెను.

తంత్రి చుట్టుటలోను మేము చేయుచున్న తప్పు బయటపడెను. బిరడకు ఏడెనిమిది చుట్లు ఒకదానిపై నొకటి చుట్టుచుంటిమి. రెండు మూడు చుట్లు, పైనుండి క్రిందికి వరుసగా చాలును. క్రొత్త తంత్రిని వ్రేలితో లాగి సాగదీసి మఱల శ్రుతి చేయవలెను, అట్లు నాలుగైదు మార్లు. శ్రుతి ఎప్పుడును క్రిందినుండి పైకి చేయవలెను. పైకి పోయినచో బాగుగా దించి మఱల ఎక్కింపవలెను. దించి ఆపినచో చక్రపు పండ్ల నడిమి సందు తరువాత జారును. నిజము చెప్పవలెనన్న, ఈ మూడును ముందే తెలిసినచో పాత బిరడలతోనే కొంతకాలము గడిచెడిది. వీణ బిరడ వట్టి కఱ్ఱ, ఒరపిడితో నిలుచునది, సుద్ద రాచుకొని త్రిప్పుదుము. గిటారు బిరడ పండ్లది. చవుకవానిలో సుమారు 14 చుట్లు త్రిప్పిన లోపలి కడ్డీ ఒక చుట్టు తిరుగును. అందుచేత సూక్ష్మముగా శ్రుతి కలుపుట సులువు.

గుఱ్ఱము వెనుక, వీపు మూత తీసినచో స్ప్రింగులు కనబడును. ఒక కడ్డీ నొక్కి స్వరమును ఊపుటకు ఆ యేర్పాటు. గుఱ్ఱము గాలిలో తేలుచుండుటచేత ఒక తంత్రిని బిగించిన తక్కినవి వదులగును. మా పిల్ల కా ఊపు ఇప్పుడవసరము లేదు. స్ప్రింగులను పట్టుకొనియున్న పట్టీ మరమేకులు బిగించి గుఱ్ఱమును కఱ్ఱకు ఆనునట్లు చేసితిమి.

ఇక జీనులు. ఈ పని చేయుచున్నప్పుడు నాకు మా అమ్మగారు జ్ఞప్తికి వచ్చిరి. వీణకు మెట్లు మైనముమీద నిలుపుదురు. తేనెమైనమున మసి కలిపి వేడిగా దిద్ది, ఒక్కొక్క మెట్టును చెవితో వినుచు జరిపి కుదుర్తురు. దానిని మేళము కట్టుట యందురు. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణ మెట్లను గుఱించి చర్చించెను. తంజావూరు నేలిన మన రఘునాథనాయకుని పేర 24 మెట్ల వీణ ప్రసిద్ధము. ఎన్ని శాస్త్రములున్నను చివరకు మెట్టును నిలుపునది చెవియే. గిటారున కా స్వేచ్ఛ లేదు. మెట్లు లెక్కప్రకారము కఱ్ఱలో దిగగొట్టి యుండును. పండ్రెండవ మెట్టు నట్టునకును జీనునకును సరిగా నడుమ. కాని తంత్రి నొక్కినప్పుడు సాగునని చెప్పితిని గదా, లావుతంత్రి యొక తీరున, సన్నతంత్రి యొక తీరున. లెక్కకు దొరకని ఆ తేడాను సవరించుటకే ఒక్కొక్క తంత్రికి నొక్కొక్క జీను. మెట్లు కదలవు గనుక గుఱ్ఱపు కొనను కదల్తుము. మేళము కట్టుటయే, కాని అవతలికొననుండి.

చేయు విధము సులభము. పండ్రెండవ మెట్టు సూటిగా పైన తంత్రిని తాకీతాకనట్లు వ్రేలుంచి మీటిన గంటవంటి నాదము వచ్చును. తరువాత అక్కడనే పూర్తిగా నొక్కి మీటవలెను. రెండును ఒకటే స్వరము కావలెను. నొక్కినది మీదుగా నున్నచో జీనును వెనుకకు, మెడకు దూరముగా, జరుపవలెను. దిగువ నున్నచో ముందునకు. జరిపినప్పుడెల్ల తంత్రిని మఱల శ్రుతి చేసి మఱల చూడవలెను. పాత తంత్రులతో ఈ పని చేయరాదు. త్రుప్పు పట్టిన తంత్రి అబద్ధమాడును. పిల్ల మొదటి రెండు తంత్రులు ఫోను చూచి చేసెను. మూడవదానికి ఫోను నేను లాగుకొంటిని. చెవితో చేయుమంటిని. భయపడెను. “తప్పయితే?” అనెను. తప్పయిన మఱల త్రిప్పుదమంటిని. కన్నులు మూసికొని మీటెను, నొక్కెను, పుల్లముద్ర పట్టి పావుచుట్టు త్రిప్పెను, మఱల మీటెను. పది నిమిషములు పట్టెను. అయినదనెను. ఫోను పెట్టి చూచితిమి. ముల్లు నడిమిగీతపైన నిలిచెను. తక్కిన మూడింటికి అది ఫోనడుగలేదు.

తీగ గ్రుచ్చు రంధ్రపు పని చిన్నది, మావారు చేసిరి. బయటి బిళ్ల వదులై తిరుగుటచే లోపలి తీగలు మెలిపడి తెగియుండెను. పెట్టెకు కరెంటు తీసివేసి, రెండు తీగలు టంకము వేసిరి. ధ్వని హెచ్చుతగ్గు చేయు గుండ్రని బిళ్లలు ఇంకను గరగరలాడుచున్నవి. వాని వంతు దసరాకు.

మా యూరివారికి ముఖ్యమైనది ఉప్పుగాలి. బాల్కనీలో ఆరవేసిన బట్టలకు వ్రేలాడదీసిన ఇనుపకొక్కెము మూడు నెలలలో త్రుప్పు పట్టును. వెండ్రుకవంటి ఉక్కు తంత్రి యెంత? చెమటచేతితో వాయించి అట్లే వదలిన వారములో నల్లబడును. వాయించినవెంటనే పాత నూలుగుడ్డతో ప్రతి తంత్రిని, అడుగువైపు కూడ, తుడువుడు. సముద్రమువైపు కిటికీదగ్గఱ నుంచకుడు. మందుసీసాలలోను క్రొత్తచెప్పుల పెట్టెలలోను వచ్చు తేమపీల్చు గింజల సంచులు పాఱవేయక గిటారు సంచిలో వేయుడు. బిరడలనుండి తీసిన పాత మరమేకులు కూడ దాచియుంచుడు.

తరువాతి వారము పిల్ల తానై గిటారు సంచి భుజమున వేసికొని పాఠమునకు పోయెను. నేను వలదనలేదు, పొమ్మనలేదు. తిరిగి వచ్చి చెప్పులు విప్పుచు, “మాస్టారు కొత్త గిటారు కొన్నావా అన్నారమ్మా” అనెను. నీవేమంటివే యని యడిగితిని. “అదే గిటారండీ అన్నాను. తీసికొని చూసి, తలవైపు తిప్పి చూసి, మరి శ్రుతి నువ్వే చేశావా అన్నారు.” అంతకుమించి వారేమియు ననలేదట. దాని కది చాలినట్లున్నది. గదిలోనికి పోయి తలుపు వేసికొని భోజనమువేళవఱకు వాయించెను.

మా అమ్మగారి వీణ మా యింట అటకమీద నున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానునాడు కిటికీలు పగిలి వాననీరు గదినిండెను. వీణ తడిసి మైనము వదలెను, ఆఱు మెట్లు ఊడిపోయెను, కుండ అంచున నెఱ్ఱె పడెను. ఆనాటినుండి దానికి గుడ్డ చుట్టి యుంచితిని. విప్పి చూచుటకు మనసొప్పలేదు. మొన్న ఆదివారము పిల్ల అటకెక్కి దానిని దింపి, గుడ్డ విప్పి, నెఱ్ఱెపై వ్రేలు పెట్టి చూచి, “అమ్మా, ఇందులో ఏవేవి మార్చాలి?” అని యడిగెను. బొబ్బిలి ప్రక్కన గొల్లపల్లిలో పనసకఱ్ఱను తొలిచి వీణలు చేయు కుటుంబములు తరతరములుగా నున్నవి. మెట్లు మేము కట్టుకొనగలము గాని నెఱ్ఱె వారే చూడవలెను. మావారు కాగితము తీసిరి. ఈసారి గీత యెక్కడ గీయుదురో ఇంకను చెప్పలేదు.